కవల పిల్లలు, రెండు కాలేజీలు: ఒకరికి మూడు వారాల ఓరియంటేషన్, ఇంకొకరికి ఒకటిన్నర రోజు. చిన్నది నష్టపోతోందా?

సత్యనారాయణపురం నాన్న:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. నాకు కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే. ఇంటర్ దాకా ఒకే క్లాసు, ఒకే బెంచీ. ఈ ఏడాదే మొదటిసారి విడిపోయారు. పెద్దదానికి (ఏడు నిమిషాలు పెద్దది లెండి) కృష్ణకి అవతల ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, వాళ్ల సొంత పరీక్ష రాస్తే ఫీజు తగ్గింపు వచ్చింది. అక్కడ చేర్చాం. చిన్నదానికి ఈఏపీసెట్ కౌన్సెలింగులో గుంటూరు వైపు ఒక కాలేజీలో సీటొచ్చింది. అది కాకినాడ జేఎన్‌టీయూ కింద నడిచే కాలేజీ. ఇద్దరిదీ ఇంజనీరింగే, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్).

పెద్దదాని యూనివర్సిటీలో ఓరియంటేషన్ మూడు వారాలు. రోజూ సాయంత్రం ఏదో ఒక కబురు మోసుకొస్తుంది. ఒకరోజు మట్టితో కుండ చేయించారట, గోళ్లనిండా మట్టి. ఒకరోజు పొద్దున్నే యోగా అని ఐదింటికి లేచి మమ్మల్నందరినీ లేపింది. ఒకరోజు కొండపల్లి తీసుకెళ్లి తెల్ల పొణికి చెక్కని బొమ్మగా ఎలా చెక్కుతారో చూపించారు. ఇప్పటిదాకా ఒక్క పాఠం మొదలవలేదు.

చిన్నదానికి ఒకటిన్నర రోజు. మొదటిరోజు హాల్లో స్పీచులు, నేనూ సెలవు పెట్టి వెళ్లాను. రెండోరోజు మధ్యాహ్నం దాకా ల్యాబులు, లైబ్రరీ చూపించారు. అన్నాలు తిన్నాక మ్యాథ్స్ క్లాసు. మాత్రికల మీద పది లెక్కలు హోంవర్కు. ఇంక అంతే.

రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుంటారు. పెద్దది "మా గ్రూపులో ఏమైందంటే" అని మొదలుపెడుతుంది. చిన్నది పుస్తకంలోంచి తలెత్తదు. మొన్న వాళ్లమ్మ అడిగింది, నీకెవరైనా ఫ్రెండ్స్ అయ్యారా అని. "పక్కన కూర్చునే అమ్మాయి పేరు తెలుసు" అంది. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా బావమరిది ఏమో, కుండలు చేయడానికా లక్షలు కట్టావు, చిన్నదే నయం, చదువు మొదలైంది అంటాడు. ఈ మూడు వారాలు రూలా, వాళ్ల ముచ్చటా? చిన్నదాని కాలేజీకి వెళ్లి అడగొచ్చా, లేక అడిగితే పిల్ల మీద పడుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రెండో ఏడాది ఈసీఈ:

అంకుల్, నేనూ గుంటూరు వైపు కాలేజీయే, పేరు చెప్పను. మాకు కాగితం మీద మూడు వారాలు, జరిగింది తొమ్మిది రోజులు. అందులో ఐదు రోజులు ఎవరో ఒకరు వచ్చి మోటివేషన్ స్పీచ్. అందరూ ఒకే కథ, ఏనుగు కాలికి చిన్న తాడు కథ. మూడోసారి విన్నప్పుడు మా వరసంతా ముందే క్లైమాక్స్ చెప్పేశాం.

నాకు నిజంగా పనికొచ్చింది ఒక్కటే. ఒక సీనియర్ అక్క మా ఎనిమిది మందిని తిప్పి, ఏ ఫ్లోరులో అమ్మాయిల బాత్రూమ్‌కి గడియ సరిగ్గా పడుతుంది, ఏ జిరాక్స్ షాపులో పాత మిడ్ పరీక్షల పేపర్లు దొరుకుతాయి, ఏ సారు లేటుగా వస్తే అటెండెన్స్ ఇవ్వరు, అన్నీ చెప్పింది. గంటన్నరలో అయిపోయింది.

ఫ్రెండ్స్ గురించి టెన్షన్ పడకండి. నాకు ఫ్రెండ్స్ అయింది కాలేజీ బస్సులో. కాజ టోల్ గేటు దగ్గర ఒక వర్షం రోజు గంట సేపు ఆగిపోయాం, ఆ రోజు మొదలైన మాటలు ఇంకా అవలేదు.

గుంటూరు మైక్‌సెట్:

అన్నా, నేను కాలేజీలో చదివినవాణ్ణి కాదు. పదో తరగతి తర్వాత మా బాబాయి దగ్గర మైక్‌సెట్ పనిలో చేరాను, ఇప్పుడు నాదే షాపు, గుంటూరులో. పెళ్లిళ్లు, మీటింగులు, కాలేజీ ఫంక్షన్లు. వర్షాకాలం ముహూర్తాలు లేనప్పుడు మాకు తిండి పెట్టేది ఈ ఓరియంటేషన్లే. గుంటూరు నుంచి బెజవాడ దాకా ఆ హైవే పక్కనా, లోపలా ఉన్న కాలేజీల్లో చాలావాటికి మైకు పెట్టాను. హాల్లో అందరూ స్టేజీ వైపు చూస్తారు. వెనకాల మిక్సర్ దగ్గర కూర్చున్న నాకు అందరి వీపులూ కనపడతాయి. ఎవరు వింటున్నారు, ఎవరు ఫోన్ చూస్తున్నారు, ఏ తల్లి కళ్లు తుడుచుకుంటోంది, మొత్తం తెలుస్తుంది. కాబట్టి నేను పోల్చగలను అనుకుంటున్నా.

నా లెక్క ఒకటే. మైకు ఎవరి చేతిలో ఎంతసేపు ఉంది?

మొదటి రకం కాలేజీ ఇట్లా ఉంటుంది. స్టేజీ మీద పదకొండు కుర్చీలు, పోడియం మైకు ఒకటి, కార్డ్‌లెస్ రెండు. ముందు జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి దీపం వెలగదు, ఎవరో పరిగెత్తుకెళ్లి ఏసీ ఆపిస్తారు, హాలు ఉడికిపోతుంది, ఆపిన ఏసీ మళ్లీ వేయడం అందరూ మర్చిపోతారు. ప్రార్థన నా పెన్‌డ్రైవ్‌లోంచే. తర్వాత ఆహ్వానం, పరిచయం, పరిచయం చేసినవాళ్లకి శాలువా. పెద్దాయన మాట్లాడతారు. ఆయన మాట్లాడిందే ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో మాట్లాడతారు. ప్లేస్‌మెంట్ ఆయన వచ్చి ప్యాకేజీలు చదువుతారు, అప్పుడు మాత్రం తండ్రులంతా ఫోన్లు ఎత్తి స్క్రీన్ ఫొటో తీస్తారు. ఒక చోట ఇది పొద్దున తొమ్మిదిన్నరకి మొదలై ఒంటిగంట నలభై దాకా సాగింది. అంతసేపట్లో పిల్లల చేతికి మైకు వెళ్లింది ఒక్కసారి, అదీ వందన సమర్పణకి, రాసిచ్చిన కాగితం చూసి.

రెండో రకంలో తల్లిదండ్రులకి మైకిస్తారు. ఇక్కడే అసలు సంగతి తెలుస్తుంది. రెండేళ్ల కిందటిది ఒకటి చెబుతాను. మాచర్ల వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, పంచె, మెళ్లో తువ్వాలు. కార్డ్‌లెస్ మైకు పట్టుకోవడం రాక బొడ్డు దగ్గర పెట్టుకున్నాడు, నేను వెళ్లి పైకి జరిపాను. ఆయన అడిగింది ఒక్కటే. "మావోడికి రేత్రి పూట జొరమొస్తే ఎవరికి చెప్పుకోవాల?" స్టేజీ మీద నుంచి జవాబు వచ్చింది, మా దగ్గర అత్యాధునిక వైద్య సదుపాయాలు ఉన్నాయి, అంబులెన్స్ ఉంది, ఫలానా ఆసుపత్రితో ఒప్పందం ఉంది అని. ఆయన మైకు వదల్లేదు. "అదికాదు సార్, ఎవరికి చెప్పాల?" అన్నాడు మళ్లీ. అప్పుడు పక్క గోడకి ఆనుకుని నిలబడ్డ హాస్టల్ వార్డెన్, ఆయనకి స్టేజీ మీద కుర్చీ కూడా లేదు, నా దగ్గరికొచ్చి రెండో మైకు తీసుకున్నాడు. తన ఫోన్ నంబరు చెప్పాడు. మెల్లగా రెండుసార్లు. "రాత్రి రెండింటికైనా ఎత్తుతాను" అన్నాడు. ఆ రోజు మొత్తంలో హాలు గప్‌చుప్‌గా ఉంది ఆ అర నిమిషమే. నేనూ ఆ నంబరు రాసుకున్నా, నాకెందుకో తెలీదు.

ఇంక మూడో రకం. అది నాకు నష్టం. ఒక కాలేజీకి వరసగా నాలుగేళ్లు మైకు పెట్టాను. ఐదో ఏడాది పిలవలేదు. రేటు తక్కువకి ఎవరినైనా పెట్టుకున్నారేమోనని నేనే వెళ్లి అడిగా. అక్కడి మేడమ్ నవ్వి, "ఈసారి హాల్లో మీటింగు గంటే, దానికి మా సొంత స్పీకర్ చాలు. తర్వాతంతా ఇరవై మంది చొప్పున క్లాసురూముల్లో కూర్చుంటున్నారు" అంది. వరండాలోంచి చూశాను. బెంచీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు, సారు కూడా వాళ్లతోపాటే బెంచీ మీద. ఒక పిల్లాడు ఏదో చెబుతున్నాడు, మిగతావాళ్లు వింటున్నారు. మైకు లేకుండానే వినపడుతోంది.

నాకు గిరాకీ పోయింది. కానీ నా కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి, రేపు ఇంజనీరింగ్ అంటే నేను చూసేది ఆ మూడో రకమే. పెద్దమ్మాయి "మా గ్రూపులో" అంటోంది అన్నావు చూడు, అది మంచి గుర్తు. కుండ సంగతి నాకు తెలీదు.

అడగొచ్చా అన్నావు. అడుగు. మాచర్ల పెద్దాయన అడిగినట్టు అడుగు. ఏముంది అని కాదు, ఎవరు అని.

సత్యనారాయణపురం నాన్న:

మైక్‌సెట్ అన్నా, నువ్వు చెప్పిన మొదటి రకం సరిగ్గా చిన్నదాని కాలేజీయే. మొమెంటోలు లెక్కపెట్టాను, పద్నాలుగు. ఏసీ సంగతి చదివి మా ఆవిడ పగలబడి నవ్వింది. ఎవరు అనేది మాత్రం నాకు తట్టలేదు, నిజం.

ఇండక్షన్ డ్యూటీ లెక్చరర్:

నాన్నగారూ, నేను ఇదే ప్రాంతంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, మూడేళ్లుగా ఇండక్షన్ (మీరు ఓరియంటేషన్ అంటున్నది ఇదే) బాధ్యత నా నెత్తినే ఉంది. మీ మొదటి ప్రశ్నకి జవాబు: రూలే. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలకి ఏఐసీటీఈ (దేశంలో సాంకేతిక విద్యని చూసే మండలి) 2017లో ఈ ఇండక్షన్ తెచ్చింది. 2018లో వచ్చిన మోడల్ కరికులమ్‌లో మూడు వారాలని ఉంది. ఆటలు, ఏదో ఒక కళ, మానవ విలువల మీద చర్చ, సాహిత్యం, ఊళ్లో చూడదగ్గ చోట్లకి తీసుకెళ్లడం, బ్రాంచి పరిచయం, అన్నీ అందులో రాసి ఉన్నవే. కాబట్టి కుండ వాళ్ల సరదా కాదు, పాఠ్యప్రణాళికే. మీ బావమరిది గారికి చెప్పండి. డిగ్రీ కాలేజీలకి కూడా యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో ఇలాంటిదే తెచ్చింది.

ఇది ఢిల్లీ ఆఫీసులో కూర్చుని ఊహించి రాసింది కూడా కాదు. ఐఐటీ గాంధీనగర్ 2011లో ఐదు వారాల ఫౌండేషన్ కార్యక్రమం మొదలుపెట్టింది. 2016లో ఐఐటీ బీహెచ్‌యూ నెల రోజులు నడిపింది. విలువల పాఠం మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో 2005 నుంచి ఉంది. ఇవన్నీ చూసి కలిపిందే ఈ మూడు వారాలు. రెండేళ్లు కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా కూర్చున్న పిల్లలు మా దగ్గరికొచ్చేసరికి ఎట్లా ఉంటారో మీకు తెలుసు. ఖాళీ గంట ఇస్తే ఏం చేయాలో తెలీదు. మొదటివారం నేను "మీకేది ఇష్టం" అని అడిగితే ఒకబ్బాయి లేచి "సర్, ఇది ఇంటర్నల్స్‌కి వస్తుందా" అన్నాడు.

మరి చాలా చోట్ల ఎందుకు జరగదు? కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగుతుంది, చివరి విడత పిల్లలు వచ్చేసరికి మొదటి మిడ్ ఎదురుగా ఉంటుంది. క్యాలెండర్ యూనివర్సిటీది, సిలబస్ ఐదు యూనిట్లు. యాజమాన్యం మొదట కోసేది ఇండక్షన్‌నే. కోసినట్టు బయటికి కనపడకూడదు కదా, అందుకని ఫొటోలు. ఒక ఏడాది (ఇప్పుడు నేనున్న కాలేజీ కాదు) ఒకే రోజు పిల్లలతో మూడు చొక్కాలు మార్పించి యోగా, మొక్కలు నాటడం, స్వచ్ఛభారత్ ఫొటోలు తీయించారు. ఫొటో మీద కాలేజీ చోటు చూపించే జియోట్యాగ్ ఉండాలి కాబట్టి చోటు మార్చక్కర్లేదు, చీపురు మారిస్తే చాలు. ఆ ఫైలు నేనే బైండింగు చేయించాను. సిగ్గుగానే ఉంది.

రెండో విడతలో వచ్చినవాళ్లకి చాలా కాలేజీల్లో ఓరియంటేషన్ సరిగ్గా అందదు. డిప్లొమా చేసి ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో కూర్చునే పిల్లల సంగతి అసలు ఎవరికీ పట్టదు. లైబ్రరీ ఎక్కడుందో కూడా వాళ్లకి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మీ చిన్నమ్మాయి. మూడు వారాలు పెట్టండి అని మీరు వెళ్లి పోట్లాడితే ఫలితం ఉండదు, ఆ రోజులు వెళ్లిపోయాయి. కానీ అదే మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది: ఇరవై మంది పిల్లలకి ఒక అధ్యాపకుడు మెంటర్‌గా ఉండాలి. ఆ బంధం మూడు వారాలతో ఆగకూడదు. మైక్‌సెట్ అన్న చూసిన గుండ్రటి బెంచీలు అవే. మెంటర్ల జాబితా దాదాపు ప్రతి కాలేజీలోనూ ఉంటుంది, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు. చాలాసార్లు ఆ జాబితా పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో "మా అమ్మాయి మెంటర్ ఎవరండి" అని మామూలుగా అడగండి. దానికి ఎవరూ కోప్పడరు, జాబితా వెతుకుతారు. పిల్ల మీద పడేదేమీ లేదు.

ర్యాగింగ్ వద్దని మీరూ, అమ్మాయీ హామీపత్రం ఇచ్చి ఉంటారు, 2009 యూజీసీ నిబంధనల ప్రకారం ఇద్దరూ ఇవ్వాలి. మన రాష్ట్రంలో 1997 నుంచే దానికి చట్టం ఉంది. చాలామంది చదవకుండా సంతకం పెడతారు. హెల్ప్‌లైన్ 1800-180-5522 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించండి.

జీజీహెచ్ క్యాంటీన్ టీ:

ఇంజనీరింగ్ వాళ్ల మధ్యలో దూరుతున్నా, ఎంబీబీఎస్ వాణ్ణి. మాకూ 2019లో కొత్త కరికులమ్ వచ్చినప్పుడు మొదటి నెలంతా ఫౌండేషన్ కోర్సు అని పెట్టారు. అందులో స్థానిక భాష నేర్పడం కూడా ఉంది. ఆలిండియా కోటాలో వచ్చిన రాజస్థాన్, యూపీ వాళ్లకి తెలుగు క్లాసన్నమాట. మా రూమ్మేట్ "నొప్పి ఎక్కడ?" అని చక్కగా నేర్చుకున్నాడు. వార్డులోకి వెళ్లి ఒక ముసలమ్మని అదే అడిగాడు. ఆవిడ "ఒళ్లంతా కుమ్మేత్తాంది నాయనా, పొట్టలో బుడబుడ, కాళ్లు పీకుతున్నై" అంది. వాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. సాయంత్రం నా దగ్గర కూర్చుని "పీకుతున్నై" అన్న మాట నోట్సులో హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు.

మూడు వారాల్లో ఎంత నేర్పారు అన్నది వదిలేయండి. నాకైతే ఆ నెల లేకపోతే వాడితో మాట్లాడేవాణ్ణి కాదేమో, తెలుగోళ్లం తెలుగోళ్లమే కూర్చునేవాళ్లం.

సత్యనారాయణపురం నాన్న:

శనివారం ఒంటిపూట సెలవు పెట్టి వెళ్లాను. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒకాయన బీరువా తీసి, రెండు ఫైళ్లు దులిపి, జాబితా బయటికి తీశారు. మా చిన్నదాని మెంటర్ ఎవరనుకున్నారు? ఆ పది లెక్కలిచ్చిన మ్యాథ్స్ మేడమ్. ఆవిడకి కూడా తన గ్రూపులో ఎవరెవరున్నారో కాగితం ఇంకా అందలేదట. జాబితా అక్కడే నిలబడి ఫోన్లో ఫొటో తీసుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం లంచ్‌లో ఇరవై మందినీ పిలిచారు. చిన్నది వచ్చి చెప్పిన మొదటి మాట, మేడమ్‌ది కూడా సత్యనారాయణపురమేనట, మనం వెళ్లే కూరగాయల బండి దగ్గరే కొంటారట అని. రెండో మాట, పక్కనమ్మాయి వాళ్ల నాన్న కూడా బట్టల కొట్లోనే చేస్తారని. హోంవర్కు మాత్రం తగ్గలేదు.

లెక్చరర్ గారికి, మైక్‌సెట్ అన్నకి, ఇక్కడ రాసిన స్టూడెంట్స్ ఇద్దరికీ ధన్యవాదాలు. చివరిగా ఇంకొక్కటి. పెద్దదానికి వచ్చేవారం ఉండవల్లి గుహలు చూపిస్తారట, మనిషికి మూడువందలు కట్టమన్నారు. బ్యారేజీ దాటితే ఉండవల్లి, మేం షేర్ ఆటోలో వెళ్లొస్తాం. కట్టిన ఫీజులోకి ఇది రాదా?

గుంటూరు మైక్‌సెట్:

రాదన్నా. బస్సు, టిఫిన్, గైడు, ఇంకా మెళ్లో వేసుకునే చిన్న మైకు ఒకటి. ఆ మైకు నాదే, నిన్ననే అడ్వాన్సు ఇచ్చారు. కట్టెయ్.